వడగట్టిన ఊపిరి

నిఖిలేష్‌ది కూర్చున్న ప్రాణం. ఇరవై ఆరేళ్ళవాడు, ఒంట్లో ఏ రోగమూ లేనివాడు, అయినా కుర్చీకీ మంచానికీ మధ్య తప్ప ఎక్కడా నడిచి ఎరగడు. సాఫ్ట్‌వేర్ పని ఇంట్లోనే, తిండి ఆ కంప్యూటరు ముందే. విశాఖపట్నంలో ఉంటూ సముద్రం మొహం చూసి ఏడాది దాటిందని పెళ్ళాం లహరి దెప్పితే, కిటికీలోంచి గాలి వస్తోందిగా, అది సముద్రానిదే అనేవాడు. వాళ్ళ అపార్ట్‌మెంటులో లిఫ్టు చెడిపోతే, బాగుచేసేదాకా మూడో అంతస్తు నుంచి కిందికి దిగని ఘనుడు!

అలాంటివాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి తన ప్రయోగశాలలో కూర్చోబెట్టింది వాడి అక్క ఇందుమతి. ఆమె ఊపిరితిత్తుల డాక్టరు. రుషికొండ దగ్గర ఒక పరిశోధనా కేంద్రంలో పని. పొద్దస్తమానం కూర్చుని ఉండే కుర్రకారు ఊపిరితిత్తులు యోగాతో ఎంత బాగుపడతాయో కొలవడం మీద ఆమె ఇదివరకే చాలా కాలం వెచ్చించింది. బాగుపడతాయని తేలింది, సంతోషం. చిక్కల్లా ఒక్కటే. రేపటి నుంచి యోగా చేస్తామని మాటిచ్చిన కుర్రాళ్ళకి ఆ రేపు ఎంతకీ తెల్లవారేది కాదు.

"వాళ్ళు యోగా దగ్గరికి రాకపోతే, యోగానే వాళ్ళ దగ్గరికి పంపిద్దాం" అనుకుంది ఇందుమతి. అలా పుట్టిందే ఊపిరి పట్టీ.

చూడడానికి అందులో వింతేమీ లేదు. పక్కటెముకల కింద చుట్టుకునే మెత్తటి గుడ్డ పట్టీ, దాని లోపలి వైపు రేకుల్లాంటి బిళ్ళలు. ముప్ఫై ఏళ్ళుగా ప్రాణాయామం నేర్పుతున్న అరుంధతి టీచరుగారి ఊపిరిని వారాల తరబడి రికార్డు చేసి, ఆ నడకని అందులో పెట్టారు. పట్టీ కట్టుకున్నవాడి ఊపిరి కండరాలని ఆ బిళ్ళలు సన్నగా తట్టి లేపుతుంటాయి. వాడు మెయిల్ రాసుకుంటున్నా సరే, పకోడీలు తింటున్నా సరే, లోపల మాత్రం ఊపిరి అరుంధతిగారి లాగే నిదానంగా, లోతుగా, సమానంగా సాగుతుంది. కొన్నాళ్ళకి ఒళ్ళే ఆ నడక నేర్చేసుకుంటుంది. అప్పుడు పట్టీ తీసేసినా ఊపిరి దారి తప్పదు.

ప్రయోగంలో కుర్రాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టు పొద్దున్నే అరుంధతిగారి క్లాసుకి వెళ్ళి ఒళ్ళు వంచాలి. రెండో జట్టుకి పట్టీలు. ఊపిరి తీరుని గీతగా రాసి పంపే చిన్న మీటరు మాత్రం రెండు జట్లకీ కట్టారు. తను ఏ జట్టులో పడాలని నిఖిలేష్ దేవుడికి దండం పెట్టుకున్నాడో వేరే చెప్పాలా? చీటీ తీస్తే పట్టీయే వచ్చింది.

మూడు నెలలు తిరిగేసరికి, గొట్టంలోకి గాలి ఊదించి కొలిచే పరీక్షలో పట్టీ జట్టు క్లాసు జట్టుని దాటిపోయింది. టెక్నీషియన్ నాయుడు కాగితం చేత్తో పట్టుకుని, "మేడమ్, ఇదేటండి, బాబుగారు ఈతగాడిలా ఊదేస్తన్నారు!" అన్నాడు.

"అక్కా, వ్యాయామం చెయ్యకుండానే నన్ను వ్యాయామవీరుణ్ణి చేశావు. నీకు గుడి కట్టాలే!" అన్నాడు నిఖిలేష్.

"గుడి కట్టాలన్నా ముందు నువ్వు లేవాలి కదరా" అంది ఇందుమతి. నవ్వింది గానీ, ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ నెలలోనే వాళ్ళ నాన్న పైడిరాజు పోయాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దం ముందు కూలబడ్డవాడు మళ్ళీ లేవలేదు. అన్నిటికీ పిల్లల వైపు నిలబడే మనిషి. నిఖిలేష్ అంటే మరీ పంచప్రాణాలు. పెళ్ళయిన కొడుక్కి కూడా చేప ముళ్ళు తీసిపెట్టేవాడంటే ఇంకేం చెప్పాలి!

కర్మకాండంతా నిఖిలేష్ చేతుల మీదుగానే జరిగింది. తడిబట్టలతో కుండ మోశాడు, నిప్పు పెట్టాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. కంట్లో మాత్రం ఒక్క చుక్క లేదు. మొదటిరోజు చుట్టాలు, "పాపం, గుండె దిటవు చేసుకున్నాడు" అన్నారు. పెద్దకర్మ నాటికి అదే చుట్టాలు, "అంత ముద్దు చేసిన తండ్రి పోతే ఇదేం కొడుకమ్మా!" అని గోడ పక్కన గుసగుసలాడారు.

ఇందుమతి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. అయినా శ్మశానంలో ఒక్క క్షణం ఆమె కళ్ళు తమ్ముడి ఛాతీ మీద నిలిచాయి. స్నానానికని పట్టీ తీసేశాడు. చొక్కా లేదు. ఆ ఛాతీ నిదానంగా, లోతుగా, సమానంగా లేస్తోంది, దిగుతోంది. పట్టీ లేకపోయినా ఊపిరి నడక చెదరలేదు! తండ్రి చితి ముందు నిలబడి, ఆమెలోని డాక్టరు లోపల్లోపల సంబరపడింది. ఆ సంబరం తలుచుకుంటే తర్వాత ఎన్నోసార్లు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది.

పెద్దకర్మ భోజనాలయ్యాక డాబా మీద తమ్ముడు ఒంటరిగా దొరికాడు. పగలంతా అణచుకున్న కోపం ఆమె నోట్లోంచి తన్నుకొచ్చింది.

"ఒరే, నువ్వు మనిషివా, రాయివా? నాన్న పోయాడ్రా! వీధిలో వాళ్ళు ఏడ్చారు. పేపరు వేసే అబ్బాయి ఏడ్చాడు. నీకేమయింది?"

"ఏటో అక్కా, రావట్లేదు" అన్నాడు నిఖిలేష్. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడిదాకా వస్తంది. ఆగిపోతంది" అన్నాడు.

"రాకపోవడం ఏంట్రా? అదేమన్నా బస్సా? నీకు ప్రేమ లేదు, అంతే. ఆయన నిన్ను కొడుకని చెప్పుకోవడమే దండగ!"

నిఖిలేష్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్కకి ఫోన్ చెయ్యలేదు, అక్క చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేవాడు. పరీక్షలకి మాత్రం చెప్పిన వేళకి వచ్చేవాడు. ఊదేవాడు, వెళ్ళిపోయేవాడు. అంకెలు ప్రతిసారీ భేషుగ్గా ఉండేవి. ఆ అంకెలు చూసి కేంద్రం డైరెక్టరు ఆచారిగారు ఊళ్ళోని కంప్యూటరు కంపెనీలన్నిటికీ పట్టీలు అందించే ఏర్పాట్లు మొదలుపెట్టేశారు.

ఒకరోజు మధ్యాహ్నం లహరి ప్రయోగశాలకి వచ్చింది. వచ్చి కూర్చుని, చీర కొంగు అంచు మడత పెట్టుకుంటూ, "వదినా, మీరు నవ్వకూడదు. ఆయన ఉసూరుమనడం మానేశారు" అంది.

ఇందుమతికి నవ్వు ఆగలేదు. "మంచిదేగా లహరీ! అమ్మ వింటే పూజ చేయిస్తుంది."

"మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను వదినా. ఇదివరకు చెత్తబుట్ట బయట పెట్టండీ అంటే చాలు, ఇంతెత్తు నిట్టూర్పు విడిచేవారు, యుద్ధానికి పంపినట్టు. ఇప్పుడు మాటాడకుండా లేచి పెట్టేస్తున్నారు. పోనీలే, ఇన్నాళ్ళకి మొగుడు దారికొచ్చాడు అనుకున్నాను. తీరా చూస్తే ఆవలింత కూడా సగంలో తెగిపోతోంది. నవ్వితే ఒక్క ముక్క నవ్వి ఊరుకుంటున్నారు. మొన్న లిఫ్టు లేక మెట్లెక్కితే గుమ్మంలో కూలబడ్డారు. మీ మిషనేమో బావుంది బావుంది అంటోంది." లహరి కొంగు అంచు వదిలేసింది. "మావయ్యగారు పోయాక ఆయన పొద్దున్నే లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటారు వదినా. ఏడవరు, మాట్లాడరు. నాకు భయంగా ఉంది."

ఆ మాటతో ఇందుమతి నవ్వు ఎగిరిపోయింది.

లహరిని సాగనంపి, మీటర్లు పంపిన ఊపిరి గీతలు తెర మీదకి తెచ్చుకుంది. మొదటివారంలో నిఖిలేష్ గీత గతుకుల రోడ్డు లాగే ఉంది. మధ్యమధ్య ఒక పెద్ద అల లేస్తోంది. అది నిట్టూర్పు. మనిషికి తెలియకుండానే గంటకి కొన్నిసార్లు వస్తుంది. పోనుపోను ఆ అలలు పొట్టివయ్యాయి, అరుదయ్యాయి, ఆ తర్వాత ఒక్కటీ లేదు. నూనె రాసి దువ్విన తలలా గీతంతా నున్నగా ఉంది. పట్టీ జట్టులో మిగతావాళ్ళవీ తీసింది. అన్నీ అంతే. క్లాసు జట్టువి తీసింది. వాళ్ళ ఊపిరీ నిదానించింది గానీ, ఆ పెద్ద అలలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆమెకి రికార్డింగు రోజులు గుర్తొచ్చాయి. అరుంధతిగారు బాసింపట్టు వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మధ్యలో ఎప్పుడో ఒకసారి ఆవిడకీ నిట్టూర్పు వచ్చేది. వెంటనే కళ్ళు తెరిచి నొచ్చుకునేవారు. "అయ్యో, ఇంత సాధన చేసీ ఉసూరుమంటోంది, ఇదేం గురువు అనుకుంటారు. అవి తీసెయ్యండమ్మా. పిల్లలకి నా ఉసూరెందుకు?"

ఇందుమతి రెండో ఆలోచన లేకుండా తీసేసింది. ఎందుకు తియ్యదు? చిన్నప్పటి నుంచీ ఇంట్లో గట్టిగా ఊపిరి వదిలితే చాలు, అమ్మ వంటింట్లోంచి, "ఏటమ్మా ఆ ఉసూరు? సంధ్యవేళ అలా అనకూడదు, ఇంటికి మంచిది కాదు" అని కేకేసేది. పెద్ద చదువులు చదివి, ఊపిరి గురించి పుస్తకాలు మింగిన మనిషి, ఆ ఒక్క విషయంలో మాత్రం అమ్మ కూతురుగానే ఉండిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కట్టుకున్నవాడిలో అలాంటి పెద్ద ఊపిరి మొదలైతే దాన్ని తప్పు కింద లెక్కగట్టి మెల్లగా నొక్కెయ్యమని పట్టీకి నేర్పింది కూడా ఆమే.

మర్నాడు తమ్ముణ్ణి పిలిపించింది. వాడు వచ్చి అలవాటుగా గొట్టం అందుకోబోయాడు.

"ఊదొద్దురా. గట్టిగా పీల్చొద్దు కూడా. ఊరికే కూర్చో" అంది. వెనక్కి వెళ్ళి స్టెతస్కోపు వీపు అడుగున ఆనించింది. పెనం మీద ఉప్పు వేగుతున్నట్టు లోపల సన్నగా చిటపటలు. మూసుకుపోయిన గాలి తిత్తులు అతుక్కుని విడుతున్న చప్పుడు అది. "ఇప్పుడు నిండా పీల్చి వదులు" అంది. వాడు నాలుగైదుసార్లు పీల్చి వదిలాడు. చిటపటలు మాయమయ్యాయి.

ఇందుమతి పక్కనే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. పరీక్ష అంటేనే ముందు నిండా పీల్చమనడం. ఆ పీల్పుతో మూసుకున్నవన్నీ తెరుచుకుంటాయి, అంకె బ్రహ్మాండంగా వస్తుంది. చుట్టాలు వస్తున్నారని అప్పటికప్పుడు ఊడ్చి పెట్టిన ఇల్లు లాంటిదన్నమాట! వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మామూలే. ఊపిరితిత్తులని రోజంతా ఊడ్చిపెట్టే పని నిట్టూర్పుది. ఆ నిట్టూర్పునే ఆమె గెంటేసింది.

"పట్టీ విప్పెయ్యరా" అంది.

"ఏటైంది అక్కా?"

చెప్పింది. ఏదీ దాచకుండా, మొదటి నుంచీ చెప్పింది. చివర్న, "ఏడుపు కూడా అంతేరా. అది మొదలయ్యేది లోపలికి లాక్కునే పెద్ద ఊపిరితోనే. సరిగ్గా అక్కడే నా పట్టీ అడ్డం కూర్చుంది. నాన్న పోయినప్పుడు నీకు రాకపోవడం కాదు, నేను రానివ్వలేదు. పైగా నిన్నే పట్టుకుని..." అంది.

నిఖిలేష్ పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

"అయితే నేను రాయిని కాదన్నమాట" అన్నాడు. అందులో కోపం లేదు. ఇన్నాళ్ళూ వాడు నిజంగానే తను రాయేమో అనుకుంటున్నాడని ఆమెకి అప్పుడు అర్థమయింది. కోప్పడినా బాగుండేది.

ఆ సాయంత్రమే ఆచారిగారి గదికి వెళ్ళి ప్రయోగం ఆపేస్తున్నానంది. ఆయన నెమ్మదస్తుడు, అరవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంతమాత్రానికి ఆపడం ఎందుకమ్మా? నిట్టూర్పులు కలిపి మళ్ళీ చేస్తే సరిపోదూ?" అన్నారు.

"ఎవరి నిట్టూర్పు కలపమంటారు సార్? ఏ వేళకి కలపమంటారు? వాడికి నిట్టూర్పు వచ్చేది వాడి బాధకి, వాడి విసుగుకి, వాడి ఊపిరితిత్తుల అవసరానికి. అది నేనెలా పెట్టగలను?"

"పోనీ, పట్టీ తీసేస్తే అదే వచ్చేస్తుందిగా?"

"ఏమో సార్. ఆపడం నేర్పాను. రావడం ఎలా నేర్పాలో నాకు తెలీదు."

ఆచారిగారు కళ్ళజోడు పెట్టుకుని, కంపెనీలకి తనే చెప్పుకుంటానన్నారు. ఇందుమతి తన తప్పుని తన పేరుతోనే వైద్య పత్రికకి రాసి పంపింది. పట్టీ జట్టు మొత్తాన్నీ పిలిచి క్షమాపణ అడిగింది. కొందరు తిట్టారు. తిట్టించుకుంది.

అరుంధతిగారికి కూడా అంతా చెప్పింది. విన్నాక ఆవిడ, "చూశారా అమ్మా, పరువు కోసం దాచుకున్న నా ఉసూరు ఎంతమందికి చుట్టుకుందో! అందరినీ నా దగ్గరికి పంపండి" అన్నారు.

పట్టీ జట్టు పొద్దున్నే ఎంవీపీ కాలనీలోని క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టింది. వాళ్ళ అవస్థ చూసి తీరాలి. చేతులు పైకెత్తి మునివేళ్ళ మీద నిలబడమంటే నిఖిలేష్ పిక్కలు గజగజ వణికేవి. ముందుకు వంగితే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయేవి, పాదాలు వేరే ఊళ్ళో ఉన్నట్టు. పక్కనే చాప పరుచుకుని ఇందుమతి కూడా చేరింది. ఊపిరి మీద ఇంత పరిశోధన చేసిన మనిషి ఒక్కరోజూ ఒళ్ళు వంచిన పాపాన పోలేదని అక్కడే బయటపడింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ మూలుగుతుంటే అరుంధతిగారు మధ్యలో నడుస్తూ, "లాగకండి నాయనా, లాగకండి. వచ్చేదాన్ని రానివ్వండి. పోయేదాన్ని పోనివ్వండి" అనేవారు. ఇప్పుడావిడకి నిట్టూర్పు వస్తే దాచుకోవడం లేదు. క్లాసు మధ్యలో హాయిగా ఉసూరుమనేవారు.

ఒకరోజు పడుకోబెట్టినప్పుడు వెనక వరసలో ఒకమ్మాయి నోరంతా తెరిచి నిండా ఆవలించింది. అది చూసి పక్కవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. హాలంతా ఆవలింతలే! ఇందుమతి గోడకి జారబడి కళ్ళు తుడుచుకుంది. వారాలు గడిచేకొద్దీ ఒక్కొక్కరి గీతలోనూ పెద్ద అలలు తిరిగొచ్చాయి. వీపుల్లో చిటపటలు పోయాయి. పట్టీ తెచ్చినంత పెద్ద అంకెలు రాలేదు, అయినా వచ్చినవి నిజమైనవి.

నిఖిలేష్ ఊపిరితిత్తులు కూడా తేటపడ్డాయి. మెట్లెక్కి వచ్చి పెళ్ళాంతో పోట్లాడే ఓపిక వచ్చిందని లహరి చెప్పింది. నిట్టూర్పు మాత్రం చిన్న అలగా లేచి సగంలో విరిగిపోయేది. అక్కతో మళ్ళీ మామూలుగానే మాట్లాడుతున్నాడు, జోకులేస్తున్నాడు. నాన్న మాట వస్తే మాత్రం ఆ ఊపిరి నున్నగా, సమానంగా అయిపోయేది. ఇందుమతి అది గమనించేది, ఏమీ అనేది కాదు. ఆ నిట్టూర్పుని రప్పించగలిగే విద్య ఆమె దగ్గర లేదు.

వర్షాలు మొదలయ్యాక చివరి కొలతలకి అందరినీ పిలిచారు. నిఖిలేష్ తలకి తుండుగుడ్డ చుట్టుకుని తడిసి వచ్చాడు.

"బేగి కూర్చోండి బాబూ, మీ తర్వాత ఇంకా నలుగురున్నారు" అన్నాడు నాయుడు. ముక్కుకి క్లిప్పు పెట్టాడు, గొట్టం నోటికి అందించాడు. "నిండా పీల్చండి. ఇంకా. ఇంకా. ఇంకా ఉంది, పీల్చండి..."

నిఖిలేష్ పీల్చాడు. ఛాతీ నిండింది. ఊదాల్సినవాడు ఊదలేదు. నిండినదాని పైన, ఎవరూ అడగకుండా, ఇంకొక ఊపిరి దానంతటదే లోపలికి తోసుకొచ్చింది. వాడి భుజాలు లేచాయి. కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఊపిరి మొత్తం ఒక్కసారిగా హూమ్మని బయటికొచ్చింది. గొట్టం నోట్లోంచి జారి ఒళ్ళో పడింది.

"అయ్యో, పాడైంది బాబూ, మళ్ళీ..." అంటున్నాడు నాయుడు.

నిఖిలేష్ క్లిప్పు పీకేసి అక్క కోసం చూశాడు. ఇంకొక పెద్ద ఊపిరి వచ్చింది, ఈసారి ముక్కలు ముక్కలుగా. వాడి గడ్డం వణికింది. చిన్నపిల్లాడిలా పెదవి కిందికి వంగింది.

"నాన్న పోయాడక్కా" అన్నాడు.

నెలల కిందట పోయిన మనిషి గురించి, ఇప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినట్టు అన్నాడు. అని భోరుమన్నాడు. తెర మీద గీత పిచ్చిపిచ్చిగా ఎగిరిపడుతోంది. నాయుడు కంగారుగా మీట మీద చెయ్యి వేసి, "మేడమ్, ఇది లెక్కలోకి రాదు. మళ్ళీ తీయమంటారా?" అన్నాడు.

ఇందుమతి తల అడ్డంగా ఊపింది. వెళ్ళి తమ్ముడి తల పొట్టకి అదుముకుంది.

"అవున్రా" అంది. "పోయాడు."